కట్ట కింద దిమ్మ మీద దిమ్మ వద్దు

ప్రశ్న: మాది పెందుర్తి. నా దగ్గర పాత ఇసుజు వి-క్రాస్ ఫోర్ బై ఫోర్ ఉంది. సెలవు దొరికితే వంజంగి, లంబసింగి వైపు పోతుంటాను. రాళ్ల దారిలో బండి కింద తగులుతోందని వెనక యాక్సిల్‌కీ కమాన్ కట్టకీ (ఉక్కు పట్టీల స్ప్రింగుకీ) నడుమ 2 అంగుళాల లిఫ్ట్ బ్లాకులు, అంటే ఎత్తు పెంచే దిమ్మలు, వేయించాను. అయినా తగులుతూనే ఉంది. వాటి మీదే ఇంకో ఒకటిన్నర అంగుళం బ్లాకు పెడదాం, ఏమీ కాదు అంటున్నాడు మెకానిక్. ఈ మధ్య మొదటి గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు కింద దడదడమని వణుకుతోంది. మా స్నేహితుడు తన పాత జీపుకి ముందు కూడా బ్లాకులు వేయిస్తానంటున్నాడు. వేయించవచ్చా?

జవాబు: వద్దు బాబూ. నీకు రెండో దిమ్మ వద్దు, నీ స్నేహితుడికి ముందు వైపు అసలే వద్దు.

గాజువాక ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా కమాన్ కట్టల పని చేస్తున్నాను. నాలుగేళ్ల కిందట పాడేరు నుంచి ఒక పికప్ వచ్చింది. బ్రేకు కొడితే పక్కకి లాగుతోందని రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించారట. కిందకి దూరి టార్చి వేశాను. ఎడమ పక్క ఒకదాని మీద ఒకటి రెండు దిమ్మలు. వాటి నడుమ సన్నటి ఎర్రపొడి, కుంకుమ రాలినట్టు. ఇనుమూ ఇనుమూ రాసుకుంటే వచ్చే పొడి అది. కట్టనీ యాక్సిల్‌నీ కలిపి బిగించే యూ బోల్టులు విప్పితే, కట్ట పట్టీలను నడుమ గుచ్చి పట్టే సెంటర్ బోల్టు తల కూర్చునే గుండ్రటి రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. ఆ పక్క హౌసింగ్, అంటే యాక్సిల్‌ను కప్పే ఇనుప తొడుగు, వేలెడు వెనక్కి జరిగింది. అదే బండిలో భార్యాపిల్లలతో ఘాట్ దిగి వచ్చాడాయన. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఎందుకలా అవుతుందో చెప్తాను. యాక్సిలరేటర్ తొక్కగానే చక్రం ఒకవైపు తిరుగుతుంది, హౌసింగ్ ఎదురు తిరగాలని చూస్తుంది. బ్రేకు కొడితే ఇదే తిరకాసు రెండో దిక్కున. ఆ మెలికను ఆపేది కట్ట ఒక్కటే. మధ్యలో దిమ్మ పెడితే గడ్డపార పొడుగు పెంచినట్టే, అదే బలానికి కట్ట ఎక్కువ వంగుతుంది. దిమ్మను పట్టి ఉంచేదల్లా యూ బోల్టుల బిగువు, ఆ సెంటర్ బోల్టు తల. రెండు దిమ్మలు పెడితే జారడానికి ఇంకో చోటు మనమే ఇచ్చినట్టు.

ఇంకో మాట. వంజంగి దారిలో నీకు తగిలేది ఏమిటో ముందు చూసుకో. యాక్సిల్ నడుమ గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ అయితే ఎన్ని దిమ్మలు పెట్టినా వెంట్రుకవాసి కూడా లేవదు. దిమ్మ ఛాసిస్‌ని (బండి చట్రాన్ని) లేపుతుంది గానీ యాక్సిల్‌ని కాదు. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే. నిజంగా ఛాసిసే తగులుతుంటే దిమ్మ బదులు వంపు ఎక్కువున్న కొత్త కట్ట వేయించు. ఖర్చు ఎక్కువే, కానీ నా సొంత బండికైతే నేను అదే వేస్తాను.

వణుకు సంగతి. గేరుపెట్టె నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే పొడుగు కడ్డీ, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, నీ బండికి రెండు ముక్కలుగా, నడుమ సెంటర్ బేరింగ్‌తో ఉంటే, వెనక ఎత్తు పెరిగినప్పుడు ఆ జాయింట్ల కోణం చెడుతుంది. బేరింగ్ బ్రాకెట్‌ని స్పేసరుతో కొంచెం దింపితే చాలాసార్లు తగ్గుతుంది. తగ్గలేదంటే కట్ట మెలిపడుతూ ఉండవచ్చు.   

ఉన్న 2 అంగుళాల దిమ్మ ఉంచుకోవాలంటే, ఒకే ముక్క ఇనుముదై ఉండాలి. చెక్కదీ, అతికించినదీ పనికిరాదు. యూ బోల్టులు కొత్తవే వేయించు, ఒకసారి సాగిన పాతవి మళ్లీ బిగవవు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచినవి తీసుకోకు, కాలిన చోట బలం పోతుంది. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే టార్క్ రెంచ్‌తో బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. బ్రేకు గొట్టం చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకోకూడదు. కొన్ని పికప్‌లకి వెనక యాక్సిల్ మీద ఒక కడ్డీ ఉంటుంది, లోడు ఎంతో చూసి వెనక బ్రేకు బలాన్ని సర్దే వాల్వుది. వెనక లేస్తే బండి ఖాళీగా ఉందనుకుని అది వెనక బ్రేకు తగ్గించేస్తుంది. నీ బండికి ఉంటే ఆ కడ్డీని సర్దించు.

ఇక జీపు. బ్రేకు కొట్టినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది, స్టీరింగ్ కూడా ఆ యాక్సిల్‌కే. అక్కడ దిమ్మ జారితే ఘాట్ మలుపులో బండి మన చేతిలో ఉండదు. పైగా అతని జీపుకి కట్టలు యాక్సిల్ కింద ఉన్నాయేమో చూడమను. అలా ఉంటే మధ్యలో దిమ్మ పెట్టినా బండి లేవదు, ఇంకా దిగుతుంది.

ప్రశ్న: ఇలా ఎత్తు పెంచితే చట్టం ఒప్పుకుంటుందా? – ఎంవీపీ కాలనీ పాఠకుడు

జవాబు: కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. దిమ్మ కొనక ముందే ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరా అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ప్రమాదం జరిగాక సర్వేయరు బండి కింద ఆ దిమ్మను చూస్తే క్లెయిమ్‌కి పేచీ పెట్టవచ్చు.