పంచె పెట్టాక మావయ్య పని మొదలు

ప్రశ్న: మాది బరంపురం. మా ఆయన సూరత్‌లో మరమగ్గాల పని చేస్తారు, ఏడాదికి రెండుసార్లు ఇంటికొస్తారు. మా గుంటడికి 15 ఏళ్లు, తొమ్మిదో తరగతి. నాతో నాలుగు మాటలు మాట్లాడడు, సాయంత్రమైతే స్నేహితుల బండి తీసుకుని హైవే వైపు పోతాడు, అడిగితే "నేనింకా చిన్నపిల్లాణ్ణా" అంటాడు. ఇచ్ఛాపురంలో ఉన్న మా తమ్ముడు పంచెల ఫంక్షన్ చేద్దాం, దారిలోకి వస్తాడు అంటున్నాడు. లక్ష దాకా అవుతుంది, అప్పు చెయ్యాలి. చెయ్యమంటారా? ఇంట్లో మగదిక్కు లేకే వీడిలా అయ్యాడా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, చివర అడిగినదానికి ముందు చెప్తాను. కాదు. తండ్రి రోజూ ఇంటికొచ్చే ఇళ్లల్లో కూడా ఈ వయసు పిల్లలు ఇలాగే మూతి బిగించుకుని తిరుగుతారు, పైగా మీ ఆయన సూరత్ వెళ్లింది సరదాకి కాదు కదా, గంజాం జిల్లాలో ఏ వీధిలో చూసినా అలా వెళ్లినవాళ్లు కనిపిస్తారు. మీ పెంపకాన్ని ఎవరైనా అంటే వినకండి.

ఇక పంచెలు. చెయ్యండి, కానీ అప్పు చేసి వద్దు. ఆడపిల్లకి ఓణీ, మగపిల్లాడికి పంచె, బేసి వయసు చూసి మేనమామ తెచ్చి పెట్టడం మనలో ఉన్నదే. ఇప్పుడది స్టేజీ, ఫ్లెక్సీ, ఫొటోగ్రాఫరు, మూడొందల మందికి భోజనాలు అయిపోయింది. మర్నాడు పంచె బీరువాలోకి పోతుంది, పిల్లాడు ఫోన్లోకి పోతాడు. వాణ్ణి నిన్న ఎంత నమ్మామో ఇవాళా అంతే నమ్ముతాం, నిన్న చెప్పిన పనులే ఇవాళా చెప్తాం, మరి వాడికి ఏం మారినట్టు?

నాకు 13వ ఏట మా మావయ్య పంచె పెట్టాడు. మా పెరట్లోనే, ఇరవైమంది చుట్టాలు, పులిహోర, పరమాన్నం, అంతే. కుచ్చిళ్లు నిలవక నాలుగుసార్లు జారిపోయింది, ఆయన విసుక్కోకుండా నాలుగుసార్లూ విప్పించి నా చేత్తోనే మళ్లీ కట్టించాడు. మర్నాటి నుంచి వేసవి సెలవులు అయ్యేదాకా తన కిరాణా కొట్లో పద్దు పుస్తకం రాసే పని నాకు అప్పజెప్పాడు. ఒకసారి పక్క వీధి ముసలమ్మ ఖాతాలో నూనె రెండుసార్లు రాసేశాను, ఆవిడ డబ్బు కట్టాక గానీ అది బయటపడలేదు. మావయ్య తిట్టలేదు. మధ్యాహ్నం కొట్టు మూసి, ఎక్కువ తీసుకున్న డబ్బు నా చేతిలో పెట్టి, ఆ వీధి మొగదాకా నాతో నడిచి అక్కడ ఆగిపోయాడు. "నువ్వెళ్లి చెప్పిరా, నేనిక్కడే ఉంటాను" అన్నాడు. నాలుగిళ్లు దాటేసరికి నా చొక్కా తడిసిపోయింది. ఆవిడ డబ్బు తీసుకుంది, లెక్కపెట్టుకుంది, లోపలికెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే మావయ్య అక్కడే ఉన్నాడు, ఎండకి కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని. నన్ను పెద్దవాడిగా లెక్కేశారని నాకు తెలిసింది ఆ మధ్యాహ్నమే.

మీ తమ్ముణ్ణి అడగాల్సింది అదే: పంచె పెట్టి వెళ్లిపోతావా, వీధి మొగన నిలబడతావా అని.

1909లో వాన్ జెనెప్ అనే పండితుడు ప్రపంచంలో ఎక్కడెక్కడి తంతులో పోల్చి చూసి, మనిషిని ఒక దశ నుంచి ఇంకో దశకి దాటించే వాటిల్లో మూడు మెట్లు ఉంటాయని చెప్పాడు: పాత చోటు నుంచి విడదీయడం, కొన్నాళ్లు అటూ ఇటూ కాకుండా గడప మీద ఉంచడం, కొత్త మనిషిగా మళ్లీ ఊళ్లోకి తీసుకోవడం. మీరైతే ఇందుకు పుస్తకం చదవక్కర్లేదు, చైత్రంలో మీ గంజాం ఊళ్లల్లో దండ నాచ చూస్తే చాలు. ఆ వ్రతం పట్టినవాళ్లు ఇల్లు వదిలి, ఒంటిపూట తిని, మిట్టమధ్యాహ్నం కాలే నేల మీద పొర్లి, చెరువులో దిగి, మేష సంక్రాంతితో ముగించి ఇంటికొస్తారు. అయ్యప్ప మాల కూడా అలాంటిదే, 41 రోజులు చన్నీళ్లు, నేల పడక, చెప్పుల్లేని నడక, మొదటిసారి మాల వేసిన కుర్రాణ్ణి తాత వయసు వాళ్లు కూడా "స్వామీ" అని పిలుస్తారు, పక్కన గురుస్వామి ఉంటాడు. వడుగులో చూడండి, తల్లి పక్కన కూర్చుని తిన్న పిల్లాడే కాసేపటికి జోలె పట్టి "భవతి భిక్షాం దేహి" అంటూ మొదట ఆ తల్లి దగ్గరికే వస్తాడు. ఆ క్షణంలో తల్లులు కళ్లు తుడుచుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇన్నిట్లోనూ పక్కన దారి తెలిసిన పెద్ద ఒకరుంటారు, చివర్లో నలుగురూ గుర్తిస్తారు. ఆ రెండూ లేనప్పుడు పిల్లలు పరీక్ష వాళ్లకి వాళ్లే పెట్టుకుంటారు, ముగ్గురు ఒక బండెక్కి హైవే మీద. మన వైపు చాలామంది కుర్రాళ్లకి మిగిలింది సూరత్ రైలు ఎక్కడం ఒక్కటే, అందులో ఇల్లు వదలడం ఉంది, కష్టం ఉంది, చెయ్యి పట్టుకునే పెద్దే ఉండడు. అది నన్ను చాలా బాధపెడుతుంది.

బండి సంగతి మాత్రం మెల్లగా చూద్దాం అనుకోవద్దు. 2019లో చట్టం మార్చాక మైనరు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో బండి యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ఈ మాట మీరు కాకుండా మీ తమ్ముడు చెప్పాలి, బండి ఇచ్చే కుర్రాడి ఇంటికి కూడా ఆయనే వెళ్లి మాట్లాడాలి. వారానికి ఒక పూటయినా వాణ్ణి తన పనిలోకి తీసుకెళ్లమనండి. మీరు చెయ్యగలిగింది, నెలనెలా సూరత్ నుంచి వచ్చే డబ్బు లెక్క వాడి చేత రాయించడం, కరెంటు బిల్లు, బియ్యం, ఫీజు అన్నీ. వాళ్ల నాన్న ఫోన్ చేసినప్పుడు ఆ లెక్క వాడితోనే మాట్లాడమనండి. "బాగా చదువుతున్నావా" అని అడిగితే "ఆఁ" అనేసి ఫోన్ మీకిచ్చేస్తాడు, గ్యాసుకి ఎంతయిందని అడిగితే మాట్లాడతాడు. ఇంకోటి, వాడి తప్పులు చుట్టాల ముందు చెప్పకండి.

ప్రశ్న: నాకు 17. పర్లాకిమిడి. రెండు నెలల క్రితం నాన్న పోయారు, తలకొరివి నేనే పెట్టాను. అప్పటి నుంచి వచ్చిన ప్రతివాళ్లూ "ఇంక ఇంటికి మగదిక్కు నువ్వే, ఏడవకూడదు" అంటున్నారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ప్లస్ టూ మానేసి పనిలో చేరమని పెదనాన్న అంటున్నారు. అమ్మ ఏమీ మాట్లాడడం లేదు.

జవాబు: బాబూ, ఏడువు. నీ వయసులో తండ్రి చితికి నిప్పు పెట్టడం కన్నా పెద్ద పరీక్ష ఏ ఊళ్లోనూ ఏ పిల్లాడికీ లేదు, అది నువ్వు దాటేశావు, ఇక ఎవరికీ ఏదీ రుజువు చెయ్యక్కర్లేదు. వాళ్లు ఓదార్పు అనుకునే ఆ మాట అంటున్నారు, కానీ ఇంటి బరువు మొత్తం 17 ఏళ్ల భుజం మీద పెట్టడం న్యాయం కాదు. అమ్మ దగ్గర కూర్చో, నాన్న గురించి నువ్వే మొదలుపెట్టు, ఆవిడ కూడా నీకోసమే ఏడుపు ఆపుకుంటున్నారేమో.

చదువు మానొద్దు. పెదనాన్నకి ఎదురు చెప్పడం కష్టమైతే మీ ప్లస్ టూ మాస్టారినో, నాన్న స్నేహితుడినో వెంట తీసుకెళ్లి మాట్లాడు. మీది బీపీఎల్ కుటుంబమై, నాన్న వయసు 18 నుంచి 59 ఏళ్ల మధ్య అయితే, ఇల్లు నడిపే మనిషి పోయినందుకు జాతీయ కుటుంబ సహాయ పథకం కింద ఒకసారి 20,000 రూపాయలు వస్తాయి, ఒడిశాలో వృద్ధులకీ వితంతువులకీ ఇచ్చే మధుబాబు పెన్షన్ అమ్మకి వస్తుందేమో కూడా మున్సిపాలిటీలో అడుగు. నిద్ర ఇంకా పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తే, వెంటనే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలిమానస్ అనే మానసిక సహాయ ఫోను, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రయినా పలుకుతారు.

ప్రశ్న: రాయగడలో చిన్న వ్యాయామశాల నడుపుతున్నాను, నాకు 34. సాయంత్రం 14 నుంచి 18 ఏళ్ల కుర్రాళ్లు వస్తారు, తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, ఆదివాసీ పిల్లలు. ఇంటి గొడవలు నాతో చెప్పుకుంటారు. పెద్దగా చదువుకోలేదు, వాళ్లకి ఏం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: తమ్ముడూ, చెప్పడం కన్నా వినడం ఎక్కువ చెయ్యి, అది నీకు ఇప్పటికే వచ్చు, అందుకే వాళ్లు నీ దగ్గరికి వస్తున్నారు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నారు. తండ్రి ఆయన్ని విజయనగరంలో పినతండ్రి దగ్గరికి పంపిస్తే అక్కడి వ్యాయామశాలలో చేరారు, తర్వాత తనే వ్యాయామం నేర్పే మాస్టారు అయ్యారు. ఇంట్లో కుదరనిది ఇంకో పెద్ద నీడలో కుదరడం మన పక్క ఊరి చరిత్రే.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా పాటించు. ఏ పిల్లాడితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకు, ప్రతి ఇంట్లో ఒక పెద్దకి నువ్వెవరో తెలియాలి, "ఇది మనిద్దరి మధ్యే" అనే మాట వద్దు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం మగపిల్లలకీ వర్తిస్తుంది, ఎవడైనా తన మీద జరిగిన అఘాయిత్యం చెప్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యి, నువ్వే పంచాయితీ చెయ్యకు. ఆడపిల్లల గురించి ఎవడైనా నీచంగా వాగితే అక్కడే ఆపు, నువ్వు నవ్వితే అది వాళ్లకి ఒప్పుకున్నట్టే. ప్రోటీన్ పౌడరు డబ్బాలు అమ్మొద్దు, ఆ వయసుకి గుడ్లు, పప్పు, పెరుగు చాలు.

పెద్ద కుర్రాళ్లలో ఒకడికి పొద్దున్నే తలుపు తీసే పని అప్పజెప్పు. మొదటి వారం ఆలస్యంగా వస్తాడు, అందరూ బయట నిలబడి తిడతారు. తాళంచెవి మాత్రం వెనక్కి తీసుకోకు.