రేకుల ఇంటికి గొర్రె ఉన్ని పనికొస్తుందా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె, సిమెంటు రేకుల ఇల్లు. ఎండాకాలం మధ్యాహ్నం లోపల నిలవలేకపోతున్నాం. చలి దేశాల్లో పైకప్పు కింద గొర్రె ఉన్ని పరుస్తారని చదివాను. మాకు జీవాలున్నాయి గనుక వాటి బొచ్చునే కత్తిరించి వాడుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: మీ మందలోవి నెల్లూరు జాతి గొర్రెలైతే వాటి బొచ్చు ఈ పనికి రాదు. పల్లా, జోడిపి, దొర అనే మూడు రకాలలో దేనికీ ఉన్ని ఉండదు. ఒంటిని అంటిపెట్టుకున్న పొట్టి వెంట్రుకలే ఉంటాయి. ఇది మాంసానికి పేరుపడిన జాతి. ఉన్ని పోగులు సహజంగా మెలికలు తిరిగి, తమ నడుమ కదలని గాలిని పట్టి ఉంచుతాయి కనుకనే వేడి అంత త్వరగా లోపలికి దిగదు. తిన్నటి వెంట్రుకలు ఆ గాలిని నిలుపుకోలేక కొద్దికాలానికే అణిగిపోతాయి.

అనంతపురం వైపు దక్కనీ గొర్రెల ముతక ఉన్ని, అంటే గొంగళ్లు నేసే ఉన్ని, ఇందుకు సరిపోతుంది. గొంగడికి గిరాకీ తగ్గిన ఈ రోజుల్లో అది ఇళ్ల కప్పుల కిందికి చేరితే కాపరులకు నాలుగు రూపాయలు దక్కుతాయని నా ఆశ. అయితే పచ్చి ఉన్నిని అలాగే పరచకూడదు. జిడ్డు, మట్టి పోయేలా కడిగి, ఆరబెట్టి, ఏకి, వెలిగారం (బోరాక్స్) నీళ్లు పట్టించి మళ్లీ ఆరనివ్వాలి. లేకుంటే ఉన్నిని తినే పురుగు పడుతుంది. ఇలా సిద్ధం చేసిన ఉన్ని నాలుగు అంగుళాల మందాన వేస్తే వేడిని ఆపడంలో గాజు ఊలుకు (వేడిని ఆపడానికి కప్పుల కింద పరిచే గాజు పోగుల దూదికి) దాదాపు సాటి వస్తుంది, మంట కూడా సులువుగా అంటుకోదు.

నాకున్న అసలు శంక వానల గురించి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు గానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన పట్టినప్పుడు రేకు సందుల నుంచి కారే నీటికి అది తట్టుకోదు. తడిసి బరువెక్కి వేలాడుతుంది. అందుకని ముందు కారుడు ఆపించి, రేకుకూ ఉన్నికీ మధ్య గాలి ఆడేలా జానెడు ఖాళీ వదిలి, కింద పలకల సీలింగు కొట్టించాలి. పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే రాతినార) ఉంటుంది కాబట్టి వాటిని కోయడం, తొలవడం వద్దు. సీలింగును దూలాలకే బిగించండి.

ఇంత ఖర్చుకు ముందు, ఈ వేసవికి రేకుల పైన తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి. ఉన్ని లోపలికి వచ్చే వేడిని ఆలస్యం చేస్తుంది. తెలుపు ఎండలో చాలా భాగాన్ని రేకు మీదినుంచే వెనక్కి పంపుతుంది. వానకు సున్నం కొట్టుకుపోతుంది కనుక ఏటా ఫాల్గుణంలో మళ్లీ వేయాలి.