చెల్లెలి కూతురైన నర్సుకు ఒక ఉత్తరం

కర్నూలు

చిరంజీవి సుజాతకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

పెద్దల వార్డులో పోషకాహార లోపాన్ని పసిగట్టడం ఎలా అని అడిగావు. నలుగురిలో నిన్ను చులకన చేసే సీనియర్ కింద పని నెట్టుకురావడం ఎలా అనీ అడిగావు. ఇవి రెండు ప్రశ్నలని నాకు అనిపించలేదు. రోగి బరువు కేస్ షీటులోకి ఎక్కకపోవడానికి తూకం లేకపోవడం కన్నా, "ఇవన్నీ నీకెందుకు" అనే మాటే ఎక్కువగా కారణమవుతుంది.

చేర్చుకున్న రోజే బరువు, ఎత్తు చూడు. బ్రిటన్‌లో 2003లో వచ్చిన 'మస్ట్' అనేది పోషకాహార లోపం ముప్పును మార్కులతో అంచనా వేసే పద్ధతి. అందులో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె) 18.5 నుంచి 20 వరకు ఉంటే 1 మార్కు, అంతకన్నా తక్కువైతే 2. మూడు నుంచి ఆరు నెలల్లో ప్రయత్నించకుండానే బరువు 5 నుంచి 10 శాతం తగ్గితే 1, అంతకు మించితే 2. జబ్బు తీవ్రంగా ఉండి ఐదు రోజులకు మించి తిండి లేకపోయినా, లేకపోయే అవకాశమున్నా 2. మొత్తం 2కు చేరితే డాక్టరుకు, డైటీషియనుకు చెప్పవలసిందే. మంచం దిగలేనివారికి దండచేయి చుట్టుకొలత 23.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే బీఎంఐ 20 లోపే ఉండవచ్చు.

చిక్కంతా పాత బరువు దగ్గర వస్తుంది. సుగ్గికి (కూలి పనుల కోసం వలస) పోయి వచ్చిన ఆలూరు, పత్తికొండ మనిషిని "ఆరు నెలల కింద ఎంత తూగేవాడివి" అని అడిగితే ఏం చెబుతాడు? మొలతాడు ముడి ఎంత లోపలికి జరిగిందో చూడు. పాత ముడి నలిగిన గుర్తు దారం మీద కనబడుతుంది. ఆడవారికైతే గాజులు మోచేతి వైపు ఎంత దూరం జారుతున్నాయో, రవిక ఎక్కడ కుట్టు వేసి బిగించారో అడుగు. కాళ్లలో, పొట్టలో నీరు చేరినవారి బరువును మాత్రం నమ్మవద్దు. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా ఇన్‌ఫెక్షన్‌తో పడిపోతుంది గనుక అదొక్కటే చూసి నిర్ణయించకూడదు. ఖాళీ అయిన పళ్లెం చూసి సంతోషపడకు, తోడుగా వచ్చినవారు తిని ఉండవచ్చు. ఆపరేషన్ వాయిదా పడినప్పుడల్లా రోగి పస్తు కొనసాగుతోందేమో తప్పక అడుగు. రోజుల తరబడి పస్తున్నవారికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు. డాక్టరు చెప్పినట్టు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, కొద్దికొద్దిగా పెంచాలి.

ఇక నీ సీనియర్ సంగతి. పని ఒత్తిడిలో ఒకసారి కసురుకోవడాన్ని వేధింపు అనలేము (కసరని హెడ్ నర్సును నేనింతవరకు చూడలేదు). రోగుల ముందు పదేపదే హేళన చేయడం, నైట్ డ్యూటీలన్నీ నీకే వేయడం, నీవు రాసినది కొట్టివేయించడం మాత్రం వేధింపే. తేదీ, సమయం, అన్న మాట, పక్కన ఉన్నవారి పేరు ఇంటి దగ్గర పుస్తకంలో రాసుకో. రోగుల వివరాలు అందులో వద్దు. ఫిర్యాదు నోటిమాటగా కాక కాగితం మీద ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకో. నీ నోరు మూయించినందువల్ల ఏ రోగి స్కోరు రాయకుండా పోయిందో అందులో చెబితే, అది ఇద్దరి తగాదాగా కొట్టిపారేయడం పైవారికి కష్టం.

ఉద్యోగంలో తృప్తి లేదన్నావు. పని మీద విసుగా, ఆ మనిషి మీద విసుగా అన్నది తేల్చుకోకుండా రాజీనామా ఇవ్వకు. ముందు వార్డు మార్పు కోరుతూ అర్జీ పెట్టు. అర్జీ చిత్తుప్రతి నాకు పంపితే దిద్ది పంపుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ