సూచికా? సూచీయా? కొలమానమా?

సందేహం: మాది బరంపురం. ఇంట్లో తెలుగు, చదువంతా ఒడియాలో. నగరాల స్మార్ట్‌తనాన్ని, సుస్థిరతను ఎలా కొలుస్తారో తెలుగులో వ్యాసం రాస్తూ ‘సూచీలు’ అన్నాను. మా మేనత్త చదివి ‘సూచికలు’ అని దిద్దింది. ‘కొలమానాలు’ అనకూడదా?
– ఒక పాఠకురాలు, గంజాం జిల్లా

సమాధానం: మీ మేనత్త దిద్దుబాటు సగం ఒప్పు. ఒడియాలో పుస్తకం మొదట ఉండేది సూచీపత్రం, కాబట్టి సూచీ అనగానే మీకు పట్టిక తోస్తుంది. అదే పుటను మనం విషయసూచిక అంటాం. ఇక సంస్కృతంలో సూచి అంటే సూది. మన ‘సూది’ దాని తద్భవమే.

పత్రికలు రెండు మాటల్నీ కలగాపులగంగా వాడుతున్నాయి. నేనైతే విడదీస్తాను. ఏదో ఒక్క సంగతిని చూపేది సూచిక. నగరాలను కొలిచేందుకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌వో 2014లో తెచ్చిన 37120 అనే ప్రమాణంలో ఇలాంటివి 100 ఉండేవి: మనిషికి రోజుకు ఎంత నీరు, గాలిలో సన్నని ధూళి ఎంత, మురుగునీటిలో ఎంత వంతు శుద్ధి అవుతోంది, ఇలా. వేటి లెక్క వాటిదే. కొన్ని సూచికలను కలిపి, దేని ప్రాముఖ్యాన్ని బట్టి దానికి బరువు కట్టి, ఒకే అంకెగా తేల్చినది సూచీ. సెన్సెక్స్‌ను సూచీ అంటున్నది అందుకే. కేంద్రం ప్రకటించిన జీవన సౌలభ్య సూచీ అలాంటిదే. 2018లో 111 నగరాలను కొలిస్తే పుణెకు మొదటి స్థానం వచ్చింది. 2021లో వెలువడిన దానిలో, 10 లక్షల లోపు జనాభా ఉన్న నగరాల వరసలో మీ భువనేశ్వర్‌ది రెండో స్థానం, మా కాకినాడది నాలుగు. (‘మా’ అన్నందుకు మన్నించాలి.)

కొలమానం తప్పు కాదు గానీ దాని పని వేరు. మురుగు శుద్ధి వాటా సూచిక అయితే, దాన్ని చెప్పే శాతం కొలమానం. కొల తెలుగు, మానం సంస్కృతం, రెండింటికీ కొలతే అర్థం. ‘నడిమధ్య’ లాంటి జంట. మార్గశిర లక్ష్మివారాల్లో (గురువారాల్లో) మీ పొరుగు ఒడియా ఇళ్లలో వడ్లు నింపి పూజించే కొలపాత్ర ‘మాణ’ ఈ మానమే, మన మానికదీ అదే కుదురు. తెలుగునూ సంస్కృతాన్నీ అతికించారని పండితులు ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి. గిడుగువారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి అంత దగ్గర్లో ఉండగా, జనం నోట నిలిచిన మాటకు జంకెందుకు?

అన్నట్టు, మీ వ్యాసంలో స్మార్ట్, సుస్థిరం ఒకటే అన్నట్టు సాగారు. ఐఎస్‌వో స్మార్ట్ నగరాలకు 37122 అని వేరే జాబితానే 2019లో ఇచ్చింది. కూడలికో కెమెరా పెట్టినంత మాత్రాన ఊరి చెరువు నిండదు కదా! ‘సుస్థిర ప్రభుత్వం’ అంటే పడిపోనిది. నగరం విషయంలో ఆ అర్థం చాలదు. నీటినీ నేలనూ రేపటివాళ్లకు మిగులుస్తూ బతికే నగరం అని మొదటి పేరాలోనే విప్పి చెప్పండి. ‘స్మార్ట్‌తనం’ మాత్రం మార్చకండి. మన ‘తనం’ ఏ మాటకైనా ఇట్టే అతుక్కుంటుంది.