పదో తరగతి తీసుకున్నావట, అమ్మడూ!

విజయనగరం

అమ్మడూ,

ఎచ్చెర్ల మండలంలో ఆ సముద్రం పక్క బడిలో చేరి ఏడాది నిండలేదు. వచ్చే జూన్ నుంచి పదో తరగతి లెక్కలు నేనే చూస్తానని నీ అంతట నువ్వే చెప్పావట. మీ అమ్మ ఫోనులో చెప్తుంటే గర్వంగానే ఉంది, ఫోను పెట్టేశాక గుబులు పట్టుకుంది. ఒక్క మాట అడగొద్దుటే?

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. నామినల్ రోల్‌లో, అంటే పబ్లిక్ పరీక్షకు పంపే పిల్లల జాబితాలో, పేరు, పుట్టిన తేదీ అడ్మిషన్ రిజిస్టరుతో అక్షరం అక్షరం సరిచూడు. పాసవడానికి హిందీకి 20 చాలు, మిగతా వాటికి 35 కావాలని ఇళ్లవాళ్లకు ముందే చెప్పు. చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిపోయిన తండ్రులు ఏడాదిలో చాలా నెలలు దొరకరు. సంతకం నానమ్మ చేత పెట్టించినా నంబరు మాత్రం తండ్రిది రాసి ఉంచుకో.

ఇక అసలు సంగతి. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఎవర్నీ ఆపొద్దంది. 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పినవాళ్లకు రెండు నెలల్లో మళ్లీ పెట్టి, అప్పుడూ పోతే ఆపాలా వద్దా అన్నది 2019 సవరణ రాష్ట్రాలకు వదిలేసింది. అందరూ ఆపొద్దన్న మాటే తిడతారు. అదే చట్టం ప్రతి గుంటణ్ణీ నిరంతరం గమనిస్తూ మూల్యాంకనం చెయ్యమని కూడా అంది కదా, దాన్ని మనమే కాగితాలకు వదిలేశాం. పదో తరగతికి బడిలోనే వేసే ఇంటర్నల్ మార్కులు 20 పెట్టిన రోజుల్లో ప్రాజెక్టు పక్కవాడిది, మార్కులు పంతొమ్మిది! 2019లో వాటిని తీసేశారంటే తీసెయ్యరా మరి?

దాంతో భారమంతా పబ్లిక్ పరీక్ష మీద పడింది. మన వృత్తిలో పాత తప్పు ఒకటి ఉంది, అది అక్కడే పుడుతుంది. కొత్తవాళ్లు మొదట చేసేదీ అదే కాబట్టి నిదానంగా చదువు.

డిసెంబరులో వంద రోజుల ప్రణాళిక వస్తుంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని ఎ, బి, సి అని విడదీస్తారు. సి వాళ్లకు ‘గట్టెక్కే’ లెక్కలు కొన్ని ఏరి రోజూ అవే రాయిస్తారు. పేపరు చూడు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగువి 8, ఎనిమిదివి 5. ఒక గ్రాఫు, ఒక సాంఖ్యకశాస్త్రం పట్టిక, ఒక సంభావ్యత, కొన్ని బిట్లు, అక్కడక్కడా స్టెప్ మార్కులు. 35 అయిపోతుంది. హెడ్మాస్టారు సంతోషం, మండలం సంతోషం.

ఇప్పుడు ఆ సి గుంపు గుంటడి పేపరు దగ్గరగా చూడు. మధ్యగతం సూత్రం తప్పు లేకుండా రాశాడు. 30 + (25−18)/12 × 10 అని ప్రతిక్షేపించాడు. 70/12 దాకా వచ్చాడు. అక్కడ 5.10 అని వేశాడు! అయిదు సార్లు పోగా మిగిలిన పదిని చుక్క పక్కన పెట్టేశాడు. జవాబు 35.83 రావాలి, వాడికి 35.10. దిద్దేవాళ్లు సూత్రానికీ ప్రతిక్షేపణకీ మార్కులిస్తారు, వాడు పాసవుతాడు. ఐటీఐలో ఫిట్టరులో చేరి, వెర్నియర్ కాలిపర్ మీద 0.02 మిల్లీమీటర్ల కొలత చదవమంటే బిక్కమొహం వేస్తాడు. అది పదో తరగతి లోపం కాదే. అయిదులో స్థానవిలువ దగ్గర తప్పిపోయినవాణ్ణి అయిదేళ్లు ఎవరూ వెతకలేదు.

అందుకని జూన్ మొదటి వారంలోనే నలభై అయిదు నిమిషాల పరీక్ష పెట్టు. అప్పు తెచ్చుకునే తీసివేత రెండు, రెండంకెలతో భాగహారం రెండు, భిన్నాల కూడిక రెండు, దశాంశాలు రెండు, రుణసంఖ్యలు రెండు. మార్కులు వెయ్యకు, తప్పు ఏ రకమో మార్జిన్లో రాసుకో. గుంపులు ఆ తప్పుల్ని బట్టి కట్టు, మార్కుల్ని బట్టి కాదు. 5.10 వాళ్లకు 70 రూపాయలు పన్నెండుమందికి పంచమను. తలా అయిదు. మిగిలిన పది రూపాయలు వెయ్యి పైసలు, తలా 83, ఇంకా నాలుగు పైసలు మిగులు. అప్పుడు చుక్క ఎందుకో తెలుస్తుంది. రోజూ ఇరవై నిమిషాలు, దసరా దాకా. సిలబస్ వెనకబడుతుందని పైవాళ్లు అంటారు. అననీ. దసరా తర్వాత అదే రెట్టింపు వేగంతో నడుస్తుంది, ఎందుకంటే ప్రతి లెక్కలోనూ భాగహారం దగ్గర ఆగక్కర్లేదు.

గట్టెక్కించే లెక్కలు వద్దనడం లేదు. జనవరిలో అవీ చేయించు. తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు.

నా భయమల్లా ఫలితాల రోజు గురించే. 2020, 2021ల్లో కరోనాకి పరీక్ష లేకుండా అందర్నీ పాస్ చేశారు. ఆ మరుసటేడు, 2022లో, రాష్ట్రం మొత్తం మీద 67.26 శాతమే గట్టెక్కారు. సప్లిమెంటరీ ఫీజు గడువు ఎక్కువ రోజులు ఉండదు. నువ్వు ఫలితం చూసుకుని ఇంట్లో కూర్చోకు, ఆ సాయంత్రమే తప్పినవాళ్ల గుమ్మం ఎక్కు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, మగవాళ్లు ఇంటి దగ్గరే ఉంటారు. నువ్వు వెళ్లకపోతే వర్షాల్లో బోటెక్కేటప్పుడు తండ్రి ఆ గుంటణ్ణీ వెంట తీసుకుపోతాడు. ఆడపిల్లయితే పెళ్లి మాటలు మొదలవుతాయి.

గాలికి గొంతు పట్టేస్తోందంది మీ అమ్మ. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లు, అరవకు. జూన్ పరీక్ష దిద్దాక పేపర్లు ఫొటో తీసి పంపు. 5.10 వేసినవాళ్లు ఎంతమందో ముందు అది చెప్పు.

మీ అత్త