మన విశ్వం యాంటీ డి సిట్టర్ కాదు కదా, మరి దాని మీద పీహెచ్‌డీ దేనికి?

విశ్వ వ్యాకోచం వేగం పుంజుకుంటోందని 1998లోనే తేలింది, అంటే కాస్మలాజికల్ స్థిరాంకం (ఖాళీ స్థలానికే ఉండే శక్తిని చెప్పే సంఖ్య) ధనాత్మకం. మరి అది రుణాత్మకంగా ఉండే యాంటీ డి సిట్టర్ లోకం మీద పనిచేయడం దండగ కాదా అని మీరు అడిగారు. మొదట్లో నాకూ ఇదే టెన్షన్.

దాన్ని మన విశ్వానికి ఫొటో అనుకోకండి, పెట్టె అనుకోండి. వెలుగు దాని అంచుదాకా వెళ్లి పరిమిత సమయంలోనే తిరిగొస్తుంది. లోపలి గురుత్వాకర్షణ కథంతా అంచు మీది, గురుత్వం లేని క్వాంటం సిద్ధాంతంలో ఉంటుందన్నది 1997 నాటి మాల్డసీనా ప్రతిపాదన.

నమ్మకం కుదరాలంటే ఒక లెక్క మీరే చేయండి. స్థలం రెండు, కాలం ఒకటిగా మూడు మితులు తీసుకోండి. అంచు మీద ఒక ముక్క తీసుకుని, దాని రెండు కొసల్ని కలుపుతూ లోపలి నుంచి పోయే అతి చిన్న గీత పొడవు కట్టండి. దాన్ని న్యూటన్ స్థిరాంకానికి నాలుగు రెట్లతో భాగించండి. బ్రౌన్, హెన్నో 1986లో రాబట్టిన సెంట్రల్ చార్జ్ (అంచు మీది సిద్ధాంతంలో ఎన్ని స్వేచ్ఛా కోణాలున్నాయో కొలిచే సంఖ్య) పెట్టగానే ఆ ముక్క ఎంటాంగిల్‌మెంట్ ఎంట్రోపీ (మిగతా అంచుతో అది క్వాంటం పరంగా ఎంత ముడిపడి ఉందో చెప్పే కొలత) వచ్చేస్తుంది, సూత్రంలో ముందుండే మూడో వంతుతో సహా! 2006లో ర్యు, తకయనాగి చూపించింది ఇదే. ఒక పేజీ పని, అంతే.

2019లో కృష్ణబిలాలకు పేజ్ వక్రరేఖ (ఆవిరయ్యే కృష్ణబిలం వెదజల్లే వికిరణపు ఎంట్రోపీ మొదట పెరిగి తర్వాత తగ్గే తీరు) రాబట్టింది ఈ సూత్రాన్ని సాగదీసే.

కాకపోతే డి సిట్టర్‌లో, అంటే స్థిరాంకం ధనాత్మకంగా ఉండే లోకంలో, పట్టుకోడానికి అలాంటి అంచు లేదు. మీ అభ్యంతరం అక్కడ ఇంకా బతికే ఉంది. గైడ్ ఒప్పుకుంటే దాన్నే సమస్యగా తీసుకోండి.