లాఠీ పక్కన పెట్టి మాట్లాడటం ఎలా?

(మానసిక చికిత్సా విభాగాల్లో ఉద్రేకానికి లోనైన రోగులతో మాటల ద్వారా ఎలా వ్యవహరించాలని ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు, పోలీసులకు, ఆసుపత్రి భద్రతా సిబ్బందికి ఈ విషయంలో శిక్షణ ఇస్తున్న విశ్రాంత పోలీసు అధికారి సమాధానాలు.)

ప్రశ్న: నేను సైన్యంలో పనిచేసి వచ్చి ఒక ఆసుపత్రి మానసిక విభాగంలో సెక్యూరిటీ గార్డుగా ఉన్నాను. రోగి కేకలు వేయగానే మేం నలుగురం పరుగెత్తుతాం. మేం వెళ్ళటం వల్లే గొడవ పెద్దదవుతోందని సిస్టర్లు అంటున్నారు. వెళ్ళకుండా ఎలా ఉంటాం? – ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: వెళ్ళవలసిందే, కాని వెళ్ళే తీరు మారాలి. తనకు మాత్రమే వినబడే గొంతుల వల్లనో, ఎవరో చంపడానికి వస్తున్నారన్న భయం వల్లనో కంగారుపడుతున్న మనిషి మంచం చుట్టూ నాలుగు యూనిఫారాలు ఒక్కసారిగా చేరితే, అతని అనుమానానికి మీరే సాక్ష్యం చూపించినట్లవుతుంది. అందువల్ల మాట్లాడేవారు ఒక్కరే ఉండాలి. మిగిలిన ముగ్గురూ గుంపుగా కనబడకుండా, పిలిస్తే అందే దూరంలో నిలిచి, పక్క మంచాల వారిని వరండాలోకి పంపటం, సెలైన్ స్టాండు, స్టీలు గ్లాసు వంటివి చేతికి అందకుండా తీయటం చూసుకోవాలి.

ఆ ఒక్కరు ఎవరన్నది హోదాను బట్టి కాక, భాషను బట్టి, పరిచయాన్ని బట్టి నిర్ణయించుకోండి. మన జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. రోగి తెలుగులో మొత్తుకుంటుంటే హవల్దారు ఒడియాలో ఆజ్ఞలు జారీ చేయటం, కొండ ఊళ్ళ నుంచి వచ్చి సవర మాత్రమే బాగా తెలిసిన వారిమీద ఈ రెండు భాషల్లోనూ అరవటం నేను చూశాను. అటువంటప్పుడు ఇన్‌స్పెక్టరు వెనక్కి తగ్గి వార్డుబాయిని మాట్లాడనిస్తే ఆయన పరువేమీ పోదు.

మా తరగతిలో ఒక నర్సును రోగి పాత్రలో కూర్చోబెట్టి కానిస్టేబులును లోపలికి పంపుతాం. మొదటిసారి చాలామంది గుమ్మానికి అడ్డంగా నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, “శాంతంగా ఉండు” అని మూడుసార్లు, ఒకసారి కంటే మరొకసారి గట్టిగా అంటారు. (ఆ మాటకు శాంతించిన మనిషిని నేను ఇంతవరకు ఎరుగను, మా ఇంట్లో కూడా.) రెండోసారి లాఠీ బయట పెట్టించి, వైర్‌లెస్ సెట్టు శబ్దం తగ్గించి, రోగికి తలుపు కనబడేలా కాస్త పక్కకు తిరిగి, అరచేతులు కనబడేలా నిలబడమంటాం. తన పేరు చెప్పి, “మీకు దెబ్బ తగలకుండా చూడటానికి వచ్చాను, ఏం కావాలో చెప్పండి” అని, ఆపైన నోరు మెదపకుండా ఆగమంటాం. మావాళ్ళకు అన్నిటికంటే కష్టం ఆ ఆగటమే. జవాబు వచ్చేలోగా ఇంకో ప్రశ్న వేస్తారు. ఆగితే బయటపడేది తరచు చిన్న విషయమే: ఇంటికి ఫోన్ చేయాలనో, ఇంజెక్షన్ ఎందుకో ఎవరూ చెప్పలేదనో. ఇవ్వగలిగితే ఇవ్వాలి, ఇవ్వలేనిది ఇవ్వలేనని చెప్పి, “ఇక్కడ కూర్చుందామా, వరండాలోకి వెళ్దామా” అని ఎంచుకునే అవకాశం ఇవ్వాలి. అమెరికాలోని అత్యవసర మనోవైద్యుల సంఘం తరఫున 2012లో వెలువడిన మార్గదర్శకాలు కూడా కనీసం రెండు చేతుల దూరం పాటించమని, ఒక్కరే మాట్లాడమని, మాటలు క్లుప్తంగా ఉంచమని చెబుతున్నాయి. ఇదంతా గంటల పని కాదు, చాలాసార్లు ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ప్రశ్న: ఇది విదేశీ పద్ధతి కదా, మన ఠాణాలకు కుదురుతుందా? అర్ధరాత్రి రోడ్డు మీద మతిస్థిమితం లేని మనిషి దొరికితే లాకప్‌లో కాక ఎక్కడ ఉంచాలి? – ఒక హోంగార్డు, పర్లాకిమిడి

జవాబు: పోలీసులకు ఈ శిక్షణ ఒక పద్ధతిగా రూపుదిద్దుకున్నది అమెరికాలోని మెంఫిస్ నగరంలో, 1988లో, అంతకు ముందు ఏడాది అక్కడ ఒక మానసిక రోగి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అక్కడి శిక్షణ 40 గంటలు. మన దగ్గర ఒక పూట స్లైడ్లు చూపించి సంతకాలు తీసుకునే శిక్షణ వల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం.

ఇక లాకప్ మాట. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, అటువంటి వ్యక్తిని ఎట్టి పరిస్థితిలోనూ లాకప్‌లో గాని జైలులో గాని ఉంచకూడదు. రక్షణలోకి ఎందుకు తీసుకుంటున్నారో అతనికి చెప్పి, వీలైనంత త్వరగా, ఏమైనా 24 గంటలు దాటకుండా, దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాలి. వైద్యుడు చేర్చుకోనక్కరలేదంటే ఇంటికి, ఇల్లు లేకుంటే ప్రభుత్వ ఆశ్రయానికి చేర్చాలి. దిక్కులేక తిరుగుతున్న వారి విషయంలో తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి, కుటుంబాన్ని వెతికే బాధ్యత కూడా స్టేషన్ అధికారిదే. పర్లాకిమిడిలో దొరికిన మనిషి ఊరు పాతపట్నం వైపు కావచ్చు గనుక, రాష్ట్రం దాటి అవతలి ఠాణాకు కూడా కబురు పంపండి.

ప్రశ్న: మాటలతో లొంగకపోతే కట్టవచ్చా? – ఒక నర్సు, గుణుపురం

జవాబు: రోగికి గాని ఇతరులకు గాని తక్షణం హాని జరగబోతోందని, వేరే మార్గం లేదని తేలినప్పుడు మాత్రమే, చికిత్స చేస్తున్న మనోవైద్యుని అనుమతితో, అవసరమైనంతసేపే నిర్బంధించవచ్చునని అదే 2017 చట్టం 97వ సెక్షన్ చెబుతోంది. శిక్షగా గాని బెదిరింపుగా గాని చేయకూడదు. గొలుసులతో బంధించటాన్ని 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. సద్దుమణిగిన తరువాత ఆ రోగితోనూ, మీ సిబ్బందితోనూ విడివిడిగా కూర్చుని ఏం జరిగిందో మాట్లాడండి; మన ఆసుపత్రుల్లో ఎక్కువగా ఎగిరిపోయేది ఈ పనే.

ప్రశ్న: మా తమ్ముడు గోడలోంచి ఎవరో తిడుతున్నారంటాడు. అవునని అనాలా, కాదనాలా? ఆసుపత్రికి తీసుకెళ్ళటానికి పోలీసులను పిలవవచ్చా? – ఒక సోదరి, రాయగడ

జవాబు: వాదించవద్దమ్మా, నటించనూ వద్దు. “నాకు వినబడటం లేదు తమ్ముడూ, కాని నీకు భయంగా ఉందని తెలుస్తోంది” అంటే చాలు. సంతకు వెళ్దామని చెప్పి ఆసుపత్రికి తీసుకువెళితే, మరోసారి మీ మాట నమ్మడు. ఆ అపనమ్మకం తరువాత వార్డులో గార్డు మీద, వైద్యుని మీద కూడా పడుతుంది. ముందుగా సలహా కావాలంటే టెలి మానస్‌కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ కేంద్రానికి, 14416 నంబరుకు ఫోన్ చేయండి. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ప్రమాదం ముంచుకొస్తే 112కు చేసి, అతను మానసిక రోగి అని, చేతిలో ఏమైనా ఉందో లేదో, ఏ భాషలో మాట్లాడితే వింటాడో, దేనికి బెదురుతాడో ముందే చెప్పండి. సైరన్ ఆపి, జీపును వీధి మొదట్లోనే నిలపమని అడగటానికి మొహమాటపడకండి.